అక్షర సంకేతాలు: కంప్యూటర్లలో ప్రపంచ భాషలు

కంప్యూటర్ దాచుకునేది అంకెల్నే. తెరమీద కనిపించే ప్రతి అక్షరం వెనకా ఒక సంఖ్య ఉంటుంది. ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్న ఒప్పందం, ఆ సంఖ్యను బైట్లుగా ఎలా రాయాలన్న నియమం, ఈ రెండూ కలిస్తే అక్షర సంకేత పద్ధతి. వాడుకలో దీన్ని ఎన్‌కోడింగ్ అంటారు. తెలుగు 'క'కు యూనికోడ్‌లో ఇచ్చిన సంఖ్య 3093. యూటీఎఫ్-8 పద్ధతిలో ఫైల్లోకి ఎక్కితే అది 224, 176, 149 అనే మూడు బైట్లవుతుంది. ఈ మూడూ కలిపి ఒక్క అక్షరమని తెలియని ప్రోగ్రాము ఒక్కో బైటుకూ పశ్చిమ ఐరోపా పట్టికలో ఉన్న గుర్తును విడివిడిగా వేస్తుంది: నెత్తిన గీత ఉన్న చిన్న ఇంగ్లీషు 'ఏ', పక్కన డిగ్రీల సున్న, ఆ పక్కన నల్ల చుక్క. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు 224, రెండోది 176 గానీ 177 గానీ. అందుకే చెడిపోయిన తెలుగు పేజీ నిండా ఆ గీత 'ఏ', డిగ్రీ సున్న, ప్లస్ కింద మైనస్ పెట్టిన గుర్తు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. తెలుగు ఉన్న సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో తెరిచిన వాళ్లకు ఈ దృశ్యం బాగా తెలుసు.

చెడిపోవడం పైకి కనిపించే బాధ. లోపల ఇంకా పెద్ద విషయం ఉంది. ఒక లిపికి సంకేతాలు లేకపోతే ఆ లిపిలో రాసినదంతా కంప్యూటర్‌కు బొమ్మే. బొమ్మలో మాట వెతకలేం, అకారాది క్రమంలో పేర్చలేం, చూపులేని వారికి చదివి వినిపించలేం. కాబట్టి సంకేత పట్టికలో చోటు దొరకడం ఏ భాషకైనా మొదటి మెట్టు. ఆ చోటు ఎవరికి ముందు దొరికింది, ఎవరికి ఆలస్యమైంది అన్నదే ఈ చరిత్ర.

తంతి నుంచి ఆస్కీ దాకా

అక్షరాలకు సంకేతాలివ్వడం కంప్యూటర్లకంటే పాత పని. ఫ్రెంచి తంతి ఇంజినీరు ఎమీల్ బొదో 1874లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో ఒక్కో అక్షరానికి ఐదు బిట్లు. ఐదు బిట్లతో వచ్చేవి 32 కలయికలే. అవి చాలక 'ఇక్కణ్నుంచి అంకెలు' అని చెప్పడానికి వేరే సంకేతం పెట్టుకున్నారు. చైనా లిపికి ఆ ఉపాయం కూడా సరిపోదు. 1872లో షాంఘైలో విగియే అనే ఫ్రెంచి కస్టమ్స్ అధికారి వేల చైనా అక్షరాలకు తలా ఒక నాలుగంకెల సంఖ్య ఇచ్చి పుస్తకం వేశాడు. తంతి గుమాస్తా పుస్తకం చూసి అక్షరాన్ని సంఖ్యగా మార్చి పంపేవాడు. అవతలివాడు అదే పుస్తకం తిరగేసి సంఖ్యను అక్షరం చేసేవాడు. ఇద్దరి దగ్గరా ఒకే పుస్తకం ఉండాలన్నదే షరతు. నూటయాభై ఏళ్ల తర్వాత కూడా ఈ రంగంలో చిక్కులన్నీ ఆ షరతు దగ్గరే పుడుతున్నాయి.

1963లో అమెరికా ప్రమాణంగా వచ్చిన ఆస్కీ ఏడు బిట్లది. 128 చోట్లలో 33 యంత్రానికి ఇచ్చే ఆదేశాలు, 95 అచ్చయ్యే గుర్తులు. 1967 సవరణతో చిన్న బడి అక్షరాలు స్థిరపడ్డాయి. పెద్ద 'ఏ' 65, చిన్న 'ఏ' 97. తేడా 32, అంటే ఒక్క బిట్టు మారిస్తే చాలు. తన పని మేరకు అది చక్కటి రూపకల్పన. అదే సమయంలో ఐబీఎం తన పెద్ద యంత్రాలకు ఈబీసీడిక్ అనే వేరే పట్టిక పెట్టుకుంది గానీ, బయటి ప్రపంచంలో నిలిచింది ఆస్కీ. ఆస్కీని తప్పుపట్టనక్కర్లేదు. ఇంగ్లీషు టెలిప్రింటర్ల కోసం చేసినదాన్ని లోకంలోని యంత్రాలన్నీ పునాదిగా తీసుకోవడంతో తక్కిన భాషలన్నీ మిగిలిన జాగాలో సర్దుకోవలసి వచ్చింది.

పేటకో పట్టిక

మొదటి సర్దుబాటు ఆస్కీలోని కొన్ని గుర్తుల్ని తీసేసి సొంత అక్షరాలు పెట్టుకోవడం. జర్మన్లు బ్రాకెట్ల స్థానంలో చుక్కల అచ్చులు పెట్టుకున్నారు. జపాన్ వాళ్లు వెనక్కి వాలిన గీత చోట యెన్ గుర్తు పెట్టారు. జపాన్ విండోస్‌లో ఫోల్డర్ల దారి చూపేటప్పుడు ఇప్పటికీ మధ్యలో యెన్ గుర్తు కనిపించడానికి కారణం అదే.

ఎనిమిదో బిట్టు కూడా వాడుకోవడం మొదలయ్యాక చోట్లు 256 అయ్యాయి. 1980ల చివరి నుంచి ఐఎస్‌ఓ 8859 పేరుతో అంతర్జాతీయ ప్రమాణం భాగాలు భాగాలుగా వచ్చింది. మొదటి భాగం పశ్చిమ ఐరోపాకు, ఐదోది రష్యన్ వంటి సిరిలిక్ లిపి భాషలకు, ఆరోది అరబ్బీకి, ఏడోది గ్రీకుకు, ఎనిమిదోది హీబ్రూకు, పదకొండోది థాయ్‌కి. అన్నిటిలోనూ కింది 128 ఆస్కీయే, పై సగం మాత్రం వేర్వేరు. 225 అన్న సంఖ్య ఒక భాగంలో ఒక అక్షరం, ఇంకో భాగంలో ఇంకొకటి. దీనివల్ల ఒకే ఫైల్లో గ్రీకు, హీబ్రూ కలిపి రాసే వీల్లేదు. పన్నెండో భాగాన్ని దేవనాగరికి అనుకున్నారు. ఆ పని 1997లో అధికారికంగా వదిలేశారు. ఆ వరుసలో పన్నెండు అన్న అంకె ఈనాటికీ ఖాళీయే.

రష్యన్‌కు ఒకటి కాదు, నాలుగు పట్టికలు వాడుకలో ఉండేవి: డాస్‌లో ఒకటి, విండోస్‌లో ఒకటి, ఐఎస్‌ఓది ఒకటి, యూనిక్స్‌లోనూ ఈమెయిళ్లలోనూ కోయి8. వీటిలో కోయి8 ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. ఆ రోజుల్లో కొన్ని మెయిల్ యంత్రాలు ఎనిమిదో బిట్టును తెంపేసి పంపేవి. కోయి8 రూపకర్తలు రష్యన్ అక్షరాల్ని రష్యన్ అకారాది వరుసలో పెట్టలేదు. ప్రతి అక్షరాన్నీ ఉచ్చారణలో దానికి దగ్గరైన ఇంగ్లీషు అక్షరానికి సరిగ్గా 128 పైన పెట్టారు. ఎనిమిదో బిట్టు పోయినా అదే మాట ఇంగ్లీషు అక్షరాల్లో, పెద్ద బడి చిన్న బడి తారుమారై, చదవడానికి వీలుగా మిగిలేది. దారిలో దెబ్బతింటుందని తెలిసి, దెబ్బతిన్నా అర్థం పోకుండా కట్టిన పట్టిక అది.

తూర్పు ఆసియాకు 256 ఏ మూలకూ చాలదు. జపాన్ 1978లో కాంజీలు అని పిలిచే చైనా మూలపు అక్షరాలు ఆరు వేల పైచిలుకుతో, చైనా 1980లో 6,763 అక్షరాలతో జాతీయ ప్రమాణాలు చేశాయి. తైవాన్ 1984లో బిగ్5 తెచ్చింది. అన్నిటిలోనూ అక్షరానికి రెండు బైట్లు. జపాన్‌లో బాగా వ్యాపించిన షిఫ్ట్ జిస్ పద్ధతిలో ఒక లోపం ఉండేది. కొన్ని కాంజీల రెండో బైటు 92. అది ఆస్కీలో వెనక్కి వాలిన గీత, ప్రోగ్రాములకు ఆదేశం లాంటిది. 'పట్టిక' అనే అర్థంలో రోజూ వాడే కాంజీ కూడా వాటిలో ఒకటి కావడంతో ఆ మాట వచ్చిన చోటల్లా ప్రోగ్రాములు తప్పటడుగు వేసేవి. ఇలా చెడిపోయిన పాఠానికి జపనీయులు పెట్టిన 'మోజిబాకే' అన్న పేరు ఇప్పుడు ప్రపంచమంతా వాడుతోంది.

ఇస్కీ, ఆ తర్వాత ఫాంట్ల రాజ్యం

భారతీయ భాషలకు దారి వేసింది ఐఐటీ కాన్పూర్‌లో మొదలై పుణేలోని సీ-డాక్‌లో పెరిగిన పరిశోధన. ఆ ఫలితమే ఇస్కీ. 1991లో బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్ దాన్ని ప్రమాణంగా ప్రకటించింది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటిదీ ఒకే వర్ణమాల అన్న ఎరుక మీద అది నిలిచింది. తెలుగు 'క', కన్నడ 'క', దేవనాగరి 'క' మూడింటికీ సంఖ్య ఒక్కటే. ఏ లిపిలో చూపించాలో వేరే గుర్తు చెబుతుంది. తెలుగులో కొట్టిన పేరును మీట నొక్కి కన్నడంలోకో బెంగాలీలోకో మార్చవచ్చు. పైగా ఇస్కీ దాచేది ధ్వనిని. వత్తు ఎక్కడ కూర్చోవాలి, గుడి ఏ ఆకారంలో రావాలి అన్నది చూపించేవాడి పని. ఇది మన లిపుల స్వభావం తెలిసినవాళ్లు చేసిన పని, అందుకే గొప్పది.

అయితే చూపించే ఆ పని చేయడం ఆనాటి మామూలు కంప్యూటర్లకు చేతకాలేదు. ప్రత్యేక కార్డో, సాఫ్ట్‌వేరో కావాలి. పత్రికలకూ డీటీపీ సెంటర్లకూ అంత ఓపిక లేదు, రేపటికి పేజీ అచ్చుకు వెళ్లాలి. దాంతో ఫాంట్ల పద్ధతి వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలున్న చోట తెలుగు అక్షరాల ముక్కల్ని పెట్టేశారు: తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, వత్తులు వేరే చోట. కొన్ని ఫాంట్లలో 'మ' అంటే 'వ' ముక్కకు కొమ్ము తగిలించడమే. కంటికి తెలుగు, ఫైల్లో మాత్రం ఇంగ్లీషు అక్షరాల గందరగోళం. ఏ ముక్క ఎక్కడన్నది ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. దినపత్రికలు వెబ్‌సైట్లు పెట్టినప్పుడు ఎవరి ఫాంటు వారిదే. అది దించుకోకపోతే పేజీ చదవలేం, దించుకున్నా అందులో ఒక మాట వెతకలేం. పదేళ్లకు పైగా తెలుగులో కంప్యూటర్ మీద తయారైన వార్తలు, పుస్తకాలు, ప్రభుత్వ ఉత్తర్వులు ఈ రూపంలోనే పోగుపడ్డాయి. ఆ పదేళ్ల తెలుగు రాత చేతికందకుండా పోవడం చిన్న నష్టం కాదు.

అదే కాలంలో అమెరికాలోని తెలుగువాళ్లు యూజ్‌నెట్ చర్చల్లో వేరే దారి పట్టారు. రైస్ విశ్వవిద్యాలయం పేరుమీదుగా ఆర్‌టీఎస్ అని పిలిచే పద్ధతిలో తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఖచ్చితమైన నియమాల ప్రకారం రాసేవారు. చిన్న 'టీ' కొడితే 'త', పెద్ద 'టీ' కొడితే 'ట'. చూడ్డానికి అందంగా ఉండదు. కానీ ధ్వనిని దాచింది కాబట్టి ఆ రాతలను తర్వాత తేలిగ్గా యూనికోడ్‌లోకి మార్చుకోగలిగారు. అందంగా అచ్చయిన ఫాంటు ఫైళ్లు మార్చడానికి పద్మ వంటి ఉపకరణాలు ఫాంటు ఫాంటుకూ విడివిడిగా పట్టిక రాసుకోవలసి వచ్చింది.

ఒక్క పట్టిక

పేటకో పట్టిక మాని లోకమంతటికీ ఒకటే పట్టిక ఉండాలన్న ప్రయత్నం 1987లో మొదలైంది. జెరాక్స్‌లో జో బెకర్, ఆపిల్‌లో లీ కాలిన్స్, మార్క్ డేవిస్ దీనికి ఆద్యులు. 1988లో బెకర్ రాసిన ముసాయిదాలోనే యూనికోడ్ అన్న పేరుంది. 1991 జనవరిలో కాలిఫోర్నియాలో యూనికోడ్ కన్సార్షియం రిజిస్టరైంది, అదే ఏడు అక్టోబరులో మొదటి సంచిక వచ్చింది. తెలుగు ఆ మొదటి సంచికలోనే ఉంది.

భారతీయ లిపులకు యూనికోడ్ ఇస్కీ అమరికనే తీసుకుంది. ఒక్కో లిపికి 128 చోట్లు కేటాయించి, లోపల వరుస మాత్రం అన్నిటికీ ఒకేలా ఉంచింది. దేవనాగరి 'క' 2325, తెలుగు 'క' 3093, కన్నడ 'క' 3221. తెలుగు అక్షరం సంఖ్యకు 128 కలిపితే సాధారణంగా కన్నడంలో అదే అక్షరం వస్తుంది. ఖ, గ, ఘ లేని తమిళానికి ఆ చోట్లు ఖాళీగా మిగిలాయి.

అన్ని చోట్లా ఇంత సాఫీగా జరగలేదు. చైనా, జపాన్, కొరియా వాడే ఒకే మూలపు అక్షరాలకు ఒకే సంఖ్య ఇవ్వాలన్న నిర్ణయం జపాన్‌లో పెద్ద దుమారం లేపింది. 'ఎముక' అనే అర్థమిచ్చే అక్షరంలో లోపలి చిన్న మలుపు చైనాలో ఎడమకు, జపాన్‌లో కుడికి తిరుగుతుంది. యూనికోడ్‌లో రెండూ ఒకటే, ఏది కనిపించాలో ఫాంటు తేల్చాలి. మరోవైపు కొరియాది ఇంకో కోరిక. 19 మొదటి హల్లులు, 21 అచ్చులు, చివరి హల్లు లేకపోవడంతో కలిపి 28 ముగింపులు. వీటి గుణకారం 11,172 పూర్తి అక్షరాలు. అవన్నీ విడివిడిగా కావాలన్నారు. 1996లో రెండో సంచిక వాటన్నిటికీ చోటిస్తూ పాత కొరియా అక్షరాల్ని వేరే చోటికి తరలించింది. అలా తరలిస్తే ఉన్న ఫైళ్లన్నీ చెడిపోతాయి కాబట్టి ఇకమీదట ఒకసారి ఇచ్చిన సంఖ్యను మార్చబోమని, తీసేయబోమని కన్సార్షియం నియమం పెట్టుకుంది. పేర్లకూ అదే నియమం వర్తించింది. కన్నడంలో ప్రాచీన 'ఴ'కు పొరపాటున 'ఫ' అన్న పేరు పడింది. తప్పని అందరికీ తెలిసినా పేరు అలాగే ఉండిపోయింది, పక్కన సవరణ పేరు మాత్రం చేర్చారు.

పదహారు బిట్లు, అంటే 65,536 చోట్లు లోకానికి చాలునని మొదట అనుకున్నారు. చాలలేదు. రెండో సంచికతో పరిధిని 11,14,112కు పెంచారు. 2024 సెప్టెంబరులో వచ్చిన 16వ సంచికలో 1,54,998 గుర్తులు, 168 లిపులు ఉన్నాయి.

యూటీఎఫ్-8

సంఖ్యలు ఇచ్చినంత మాత్రాన ఫైళ్లలోకి చేరవు. ప్రతి అక్షరానికీ రెండు లేదా నాలుగు బైట్లంటే అప్పటిదాకా ఉన్న ఆస్కీ ప్రోగ్రాములన్నీ పనికిరాకుండా పోతాయి. 1992 సెప్టెంబరులో బెల్ ల్యాబ్స్‌కు చెందిన కెన్ థామ్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో భోజనానికి కూర్చుని, పళ్లెం కింద పరిచే కాగితం మీద దీనికి పరిష్కారం గీశారు. ఆస్కీ అక్షరాలు యథాతథంగా ఒక్క బైటే. తక్కినవి రెండు నుంచి నాలుగు బైట్లు, వాటిలో ఏ ఒక్కటీ 128కి తక్కువ ఉండదు. మొదటి బైటు చూస్తే వెనక ఎన్ని ఉన్నాయో తెలుస్తుంది. మధ్యలో ఒక బైటు పోయినా తర్వాతి అక్షరం నుంచి మళ్లీ దారిలో పడవచ్చు. షిఫ్ట్ జిస్‌ను పీడించిన 92 సమస్య ఇక్కడ పుట్టే అవకాశమే లేదు. గూగుల్ లెక్కల్లో 2008 నాటికి వెబ్‌లో యూటీఎఫ్-8 ఆస్కీని దాటింది. ఇప్పుడు వెబ్‌సైట్లలో 98 శాతానికి పైగా అదే.

దీనికి మనం చెల్లించే వెల ఒకటుంది: ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగుకు మూడు. 'శ్రీ' అన్న ఒక్క అక్షరం పన్నెండు బైట్లు. వెబ్‌లో కుదింపు వల్ల ఇది అంత తెలియదు. ఎస్సెమ్మెస్‌లో మాత్రం బాగా తెలుస్తుంది. అక్కడ యూటీఎఫ్-8 కాదు గానీ బిగువు అలాంటిదే. ఒక సందేశానికి 140 బైట్లే కాబట్టి ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 గుర్తులే. ఆ 70లో గుడి, కొమ్ము, పొల్లు ఒక్కోటీ ఒక లెక్క.

అక్షరం ఒకటి, గుర్తులు నాలుగు

మనం ఒకటిగా చూసే 'శ్రీ' కంప్యూటర్‌కు శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. 'క్ష' అంటే క, పొల్లు, ష. వీటిని కలిపి సరైన ఆకారం గీయడం ఆపరేటింగ్ సిస్టమ్‌లోని వేరే భాగం పని. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాక, పోతన వంటి ఉచిత ఫాంట్లు, లేఖిని వంటి టైపింగు ఉపకరణాలు తోడయ్యాక తెలుగువాళ్లకు యూనికోడ్ నిజంగా చేతికందింది. తెలుగు వికీపీడియా, బ్లాగులు నిలబడింది ఆ పునాది మీదే.

ఆకారం గీయడం ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచానికి తెలిసింది. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని విడదీసే గుర్తు, ఆకారపు దీర్ఘం ఈ వరుసలో ఉన్న 'జ్ఞా' సందేశంగా వస్తే ఐఫోన్లో దాన్ని చూపించే యాప్ కుప్పకూలేది. ఆపిల్ కొన్నిరోజుల్లోనే కొత్త అప్‌డేట్‌తో సరిచేసింది. ఆ విడదీసే గుర్తు నిజానికి మనకు రోజూ కావాలి. 8204 అన్న సంఖ్యగల ఆ గుర్తు లేకపోతే 'ఫేస్‌బుక్' మధ్యలో 'బ' కింద వత్తుగా దిగిపోతుంది. కనిపించదు కాబట్టి ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. అప్పుడు ఒకే మాటకు రెండు రాతలు పుట్టి, వెతుకులాటలో ఒకటి దొరికి మరొకటి దొరకదు. 'కై'తో కూడా ఇదే చిక్కు. దాని ఐత్వాన్ని ఒకే గుర్తుగా కొట్టవచ్చు, లేదా ఎత్వం కొట్టి కింద మరో గుర్తు చేర్చవచ్చు. రెండూ సమానమని యూనికోడ్ నియమం చెబుతుంది, కానీ ఆ నియమం పాటించని ప్రోగ్రాములు ఇంకా ఉన్నాయి.

మొదటి సంచికలో తెలుగు పూర్తిగా రాలేదు. దంత్య ౘ, ౙలు, మన పాత భిన్నాల అంకెలు, అవగ్రహం 2008లో చేరాయి. ఴ 2014లో, ప్రాచీన శాసనాల్లోని ౚ 2015లో, నకారపొల్లు 2021లో వచ్చాయి. శాసనాన్ని ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లో ఎక్కించాలంటే ఇవి లేకుండా కుదరదు. వీటి కోసం తెలుగు ఔత్సాహికులు పాత గ్రంథాల పుటలు ఆధారాలుగా చూపి ప్రతిపాదనలు రాశారు.

ఆలస్యంగా వచ్చినవారు

గినీ దేశంలో ఇబ్రహీమా బారీ, అబ్దులాయే బారీ అనే అన్నదమ్ములు 1989లో తమ ఫులానీ భాష కోసం అద్లం లిపిని కల్పించారు. చేతిరాతతో ఊరూరా పాకిన ఆ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2016లో. సంతాలీల ఓల్ చికీ 2008లో చేరింది. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో గోండు పెద్దలు దాచుకున్న రాతప్రతుల నుంచి వెలుగులోకి వచ్చిన గుంజాల గోండి లిపి 2018లో 11వ సంచికలో చేరింది. దాని సంఖ్యలు 73056 దగ్గర మొదలవుతాయి, అంటే పాత 65,536 హద్దుకు అవతల. యూటీఎఫ్-8లో అక్షరానికి నాలుగు బైట్లు. ఆ హద్దు దాటిన అక్షరాల్ని చాలా ప్రోగ్రాములు, డేటాబేసులు ఏళ్ల తరబడి పట్టించుకోలేదు. వాటిని దారికి తెచ్చింది ఎమోజీలు. అవీ హద్దు అవతలివే, ప్రతి ఫోనులోనూ అందరికీ కావలసినవే. నవ్వు ముఖాల కోసం చేసిన మరమ్మతు వల్లే గోండి, అద్లం లిపులకూ దారి సుగమమైంది.

బర్మాలో కథ వేరు. అక్కడ యూనికోడ్ సంఖ్యల్నే సొంత లెక్కలో వాడుకునే జాగ్యీ ఫాంటు దేశమంతా అల్లుకుపోయింది. అది బర్మీస్ ఒక్కదాని కోసం చేసింది. షాన్, మోన్, కరెన్ అక్షరాలకు యూనికోడ్ ఉంచిన చోట్లలో బర్మీస్ ఆకారాల్నే పెట్టేసింది. ప్రభుత్వం 2019 అక్టోబరు 1న యూనికోడ్‌కు మారుతున్నట్టు ప్రకటించాక గానీ ఆ భాషలకు తమ చోటు తిరిగి రాలేదు.

తెలుగులో ఇలాంటి పని ఇంకా మిగిలే ఉంది. అచ్చు రంగంలో చాలాచోట్ల పాత ఫాంట్లే నడుస్తున్నాయి. అలా తయారైన పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేస్తే వచ్చేవి ఇంగ్లీషు అక్షరాల ముక్కలే. ఫాంటు పట్టిక దొరికితే దాన్ని యూనికోడ్‌లోకి మార్చవచ్చు. దొరకని ఫాంట్లవి పేజీని బొమ్మగా స్కాన్ చేసి ఓసీఆర్‌తో చదివించాలి, లేదా మనిషి కూర్చుని మళ్లీ టైపు చేయాలి.